కఠిన పదాలు ఎవరికి కఠినం?

తెలుగు ఉపవాచకం చెప్పే ఉపాధ్యాయులందరికీ తెలిసిన తంతు ఒకటుంది. పాఠం ఒకసారి పైకి చదివించడం, నల్లబల్ల మీద పది కఠిన పదాలు రాసి ఎదురుగా అర్థాలు రాయడం, ఆ తరువాత ‘ఎవరు ఎవరితో అన్నారు?’ అనే ప్రశ్నలు. పిల్లలు రాసుకుంటారు, వల్లె వేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. వేసవి సెలవులు ముగిసేసరికి పదమూ ఉండదు, అర్థమూ ఉండదు. ఇరవై ఏళ్లుగా నేనూ ఈ తంతు నడిపినవాణ్ణే కనుక దీన్ని గురించి మాట్లాడే అర్హత నాకుందనుకుంటాను.

సాహిత్య విమర్శలో మనం నవల వస్తువును, శిల్పాన్ని, రచయిత దృక్పథాన్ని చర్చిస్తాం. పదమూడేళ్ల పాఠకుడు ఆ నవలను ఎలా చదువుతాడు, ఎక్కడ ఆగిపోతాడు, ఎందుకు ఆగిపోతాడు అన్నది విమర్శకు సంబంధించిన ప్రశ్నగా భావించం. దాన్ని బోధనా పద్ధతుల పుస్తకాలకు వదిలేస్తాం. ఇది పొరపాటని ఒక అనుభవం ద్వారా చెప్పదలచుకున్నాను.

చీరాలలో ఎనిమిదో తరగతి పిల్లలు 20 మందితో, బడి వదిలాక, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లోని కొన్ని ప్రకరణాలు చదివాను. ఈ నవలనే ఎంచుకోవడానికి కారణముంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘాన్ని ధిక్కరించి, ఇళ్లు వదిలి రామనగరం కట్టుకున్న సంగతి మా పిల్లలకు కథగా తెలుసు. ఆ కాలపు కదలికల్లోనే, జైలులో పుట్టిన నవల ఇది. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. పైగా ఇది గుంటూరు సీమ పల్లెల నుడికారం నిండిన నవల. ఆ నుడికారం మా పిల్లలకు పరాయిది కాదు.

నేను కఠిన పదాల పట్టిక ఇవ్వలేదు. అర్థం కాని మాట పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకోమన్నాను, అంతే. పుస్తకాలు తిరిగి తీసుకుని చూస్తే నాకు రెండు పటాలు కనిపించాయి. ఉద్యోగుల పిల్లలు, దుకాణదారుల పిల్లలు పొలం పనుల దగ్గర, కొలతల దగ్గర, పాలేర్ల మాటల దగ్గర చుక్కలు పెట్టారు. కూలి ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆ పుటలు దాదాపు తెల్లగా ఉన్నాయి. రామదాసు వేదాంతం మాట్లాడే పుటల్లో మాత్రం వాళ్ల చుక్కలు చీమలబారులా సాగాయి. గైడు పుస్తకం ‘కఠినం’ అని నిర్ణయించేది ఈ రెండో రకం మాటలనే. కుంచం, తవ్వ, సోల తెలియని పిల్లవాడి అజ్ఞానం ఏ పట్టికకూ ఎక్కదు. ఎవరికి తెలియని మాట కఠిన పదం అన్న నిర్ణయంలోనే వర్గదృష్టి ఉంది.

మా ఊరు నేతకు పేరుపడ్డది. ‘పడుగుపేకల్లా’ అన్న పోలికకు నేను ఏళ్ల తరబడి ‘విడదీయరానంతగా’ అని అర్థం చెబుతూ వచ్చాను. మగ్గం ఉన్న ఇంటి అమ్మాయి ఒకతె దాన్ని సరిదిద్దింది: “పడుగు బిగించి ఉంటుంది సార్, కదలదు. పేక నాడెలో అటూఇటూ పోతుంది. రెండూ ఒకటి కావు.” ఒకటి నిలిచి, ఒకటి నడిచి, రెండూ కలిస్తేనే గుడ్డ అన్న అవగాహన నా నిఘంటువు అర్థంలో లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చింది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వచ్చాయి. పండితులు ఊరూరా తిరిగి సేకరించిన ఆ సంపద మా తరగతి గదిలో బెంచీల మీద కూర్చుని ఉంది. దాన్ని మేము మార్కులకు పనికిరానిదిగా చేశాము.

నా తప్పు కూడా చెప్పాలి. మొదటి రోజు నవల పేరు పైకి చదవమని ఒక కుర్రవాణ్ణి అడిగాను. వాడు తల దించుకున్నాడు. గది నిశ్శబ్దమైంది. ఆ పేరులోని మొదటి మాటకు అర్థం అడగవలసిన పిల్లవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. అందరికీ తెలుసు. తెలిసిన అర్థమే వాడి తల వంచింది. మాటలకు నిఘంటువు ఇచ్చే అర్థం వేరు, సంఘం వేసే బరువు వేరు. పాఠం మొదలుపెట్టే ముందు ఆ బరువు గురించి మాట్లాడవలసిన బాధ్యత నాది. ఆ పేరును అట్టమీద సగర్వంగా అచ్చు వేయించిన రచయిత సాహసాన్ని నేను ముందు చెప్పి ఉంటే, ఆ పిల్లవాడు మరోలా చదివేవాడేమో.

తరువాత వారం కూలి తగాదా ప్రకరణం చదివాం. కూలి గింజల రూపంలో కావాలని కూలివాళ్లు, డబ్బుగా ఇస్తానని చౌదరయ్య. ఎందుకు? గైడులో ఉండని ప్రశ్న ఇది. చదువుల్లో ముందుండేవాళ్లు, డబ్బయితే ఏదైనా కొనుక్కోవచ్చు కదా అన్నారు. తల దించుకున్న పిల్లవాడే లేచాడు. “ధాన్యం ధర పెరిగిందిగా సార్. అదే డబ్బుకి గింజలు తక్కువొస్తాయి. మా అమ్మకిప్పుడు డబ్బే ఇస్తారు. బియ్యం ధర పెరిగిన రోజున కూలి పెరగదు.” అవగాహన అంటే ఇది. సంగదాసు పోరాటపు ఆర్థిక మూలాన్ని మన వ్యాసాలు పుటలకొద్దీ వివరిస్తాయి. ఆ పిల్లవాడు నాలుగు ముక్కల్లో చెప్పాడు.

ఇక్కడే నవల విమర్శలోకి వస్తాను. సంఘర్షణ పదునెక్కినప్పుడు ‘మాలపల్లి’ భాష పొలానిది. పరిష్కారం వెతికేటప్పుడు రామదాసు నోట వేదాంతానిది. ఉన్నవ సంస్కరణవాద పరిమితి ఈ భాషా విభజనలోనే ఉందని, పిల్లల చుక్కలే అందుకు సాక్ష్యమని ముందు అనుకున్నాను. కాని ఒక పిల్లవాడి పుస్తకంలో ఆ వేదాంతం పుటలు కూడా తెల్లగానే ఉన్నాయి. వాళ్ల తాత భజనల్లో వీరబ్రహ్మం తత్వాలు పాడతాడట. ‘మాయ’ అంటే ఏమిటో నాకంటె తేలికగా చెప్పాడు. రామదాసు వేదాంతం పైకులాల నుంచి అరువు తెచ్చుకున్నదని కొట్టిపారేయడం తొందరపాటు. శ్రమజీవుల్లో శతాబ్దాలుగా నడిచిన తత్వాల సంప్రదాయం దాని వెనుక ఉంది. పరిష్కారం దగ్గర రచయిత తడబడ్డాడన్న నా అభిప్రాయం మారలేదు. అందుకు కారణాన్ని ఆ భాషలో వెతకడం మాత్రం మానుకున్నాను. సంగదాసు చనిపోయాక, వెంకటదాసు తిరుగుబాటు బాట పట్టాక, రామదాసు సహనం ఎంతవరకు నిలుస్తుంది అన్న కథాగతిలో దాన్ని వెతకాలి.

ఈ అనుభవం నుంచి రెండు మాటలు. ఉపాధ్యాయ మిత్రులకు: నవల చెప్పేటప్పుడు పదాల పట్టికను మీరు తయారు చేయకండి, పిల్లల్ని చేయనివ్వండి. ఒకరి చుక్కకు మరొకరిని సమాధానం చెప్పనివ్వండి. ‘ఎవరన్నారు’ అని కాక ‘ఎందుకన్నారు’ అని అడగండి. రచయిత మిత్రులకు: పన్నెండు, పద్నాలుగేళ్ల పాఠకుల కోసం మన అభ్యుదయ సాహిత్యం రాసింది చాలా తక్కువ. మగ్గం, పొలం, పడవ భాషలో వాళ్లకు నవలలు కావాలి. వాటిని సరళం చేసే పేరుతో ఆ మాటలు తీసేయకండి.

వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం మాకు కూతవేటు దూరంలో ఉంది. ఆ పిల్లవాడు ‘మాలపల్లి’ మిగతా భాగం అక్కడ దొరుకుతుందా అని అడిగాడు. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళుతున్నాం.