అబద్ధం ఆడకుండా దారి తప్పించడం

అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుని, డిటెక్టివ్ యుగంధర్ కంటే ముందే హంతకుణ్ణి పట్టేయాలని పంతం పట్టినవాళ్లకు ఈ అనుభవం తెలుసు. ఆఖరి పేజీల్లో దోషి బయటపడ్డాక వెనక్కి తిప్పి చూస్తే, ఆధారం అక్కడే కనిపిస్తుంది. మనమే దాన్ని వేరేలా అర్థం చేసుకుని ఉంటాం.

ఇలా దారి మళ్లించే క్లూని ఇంగ్లీషువాళ్లు రెడ్ హెర్రింగ్ అంటారు. అది పొగబెట్టగా ఎర్రబడిన చేప. దాని ఘాటు వాసనతో వేటకుక్కల్ని కుందేలు జాడ నుంచి మళ్లించినట్టు 1807లో పత్రికా రచయిత విలియం కాబెట్ రాసిన కథ ఈ మాటను వాడుకలోకి తెచ్చింది.

అన్ని తప్పుడు క్లూలూ ఒక స్థాయివి కావు. ఆర్థర్ కోనన్ డాయిల్ రాయగా 1887లో అచ్చయిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో హంతకుడు గోడమీద నెత్తుటితో జర్మన్ భాషలో 'పగ' (RACHE) అని రాస్తాడు. ఎవరో 'రేచెల్' అని రాయబోయి ఆగిపోయారనుకుంటాడు పోలీసు అధికారి లెస్ట్రేడ్. బాగుంది గానీ, అది హంతకుడు కావాలని పన్నిన వల. ఎవరూ వల పన్నకుండానే పాఠకుడు చిక్కుకోవడం ఇంకా గొప్ప పనితనం. 1892లో వచ్చిన 'స్పెకిల్డ్ బ్యాండ్' అలాంటి కథ. చదవనివాళ్లు ముందు కథ చదివి, తర్వాత ఇక్కడికి రండి.

లోపల గడియ వేసుకుని తన గదిలో ఉన్న ఒక అమ్మాయి, భయంతో తలుపు తీసుకుని బయటికొచ్చి చనిపోతుంది. పోతూ పోతూ 'చుక్కల బ్యాండ్' అంటుంది. ఇంగ్లీషులో బ్యాండ్ అంటే పట్టీ, గుంపు కూడా. ఆ ఎస్టేటులో జిప్సీల గుంపు దిగి ఉంది, వాళ్లు తలకు చుక్కల రుమాళ్లు కట్టుకుంటారు. ఇంకేం, అనుమానం అటే పోతుంది. ఆమె చెప్పింది మాత్రం నిజమే, తను చూసిన చుక్కల పట్టీలాంటి పాము గురించే చెప్పింది. మనమే శ్లేషలో రెండో అర్థం పట్టుకున్నాం. తెలుగులోకి తెచ్చే అనువాదకుడికి ఈ ఒక్క మాటే పెద్ద పరీక్ష: 'పట్టీ' అంటే జిప్సీలు మాయమవుతారు, 'గుంపు' అంటే పాము మాయమవుతుంది.

ఆ అమ్మాయి సవతి తండ్రి డాక్టర్ రాయ్‌లాట్ కలకత్తాలో ఉండి వచ్చినవాడు. అతని తోటలో చిరుతలాంటి చీతా, ఒక బబూన్ కోతి తిరుగుతుంటాయి. వాటి భయంతోనే ఆ అమ్మాయి, ఆమె సోదరి రాత్రిళ్లు తలుపులు గడియ పెట్టుకుంటారు. అతని గదిలో పాలసాసరు కనిపిస్తే, ఇంట్లో పిల్లి లేకపోయినా చీతా ఉంది కదా అనిపిస్తుంది. అంటే తప్పుడు క్లూ నిజమైన క్లూకి ముసుగు కప్పింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనకు మాత్రం ఆ సాసరు చూడగానే పాము మెదిలే అవకాశం ఎక్కువ. పాఠకుడి అలవాటే రచయితకు పనిముట్టు.

డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికీ చూపాలని 1929లో డిటెక్టివ్ కథల రచయిత రోనల్డ్ నాక్స్ నియమం పెట్టాడు. డాయిల్ ఈ కథలో చాలావరకు ఆ పని అప్పటికే చేశాడు. పైగా జిప్సీలు, ఆ 'బ్యాండ్' అనే మాట కలిసి తననూ మొదట తప్పుదారి పట్టించాయని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ చేతే ఒప్పించాడు. 1927లో తన హోమ్స్ కథల్లో మేలైన పన్నెండింటిని ఎంచినప్పుడు, డాయిల్ మొదటి స్థానం దీనికే ఇచ్చాడు.