పిలిస్తే పలకాలి, ఒక్కసారే పలకాలి

2009లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ సదస్సులో ర్యాన్ డాల్ నోడ్‌ను పరిచయం చేశాడు. అప్పటినుంచి సర్వర్ మీద జావాస్క్రిప్ట్ రాసేవాళ్లలో ఒక ఆచారం స్థిరపడింది. పని అప్పజెప్పి చేతులు కట్టుకు కూర్చోకూడదు. అది పూర్తయ్యాక నడవాల్సిన ఫంక్షన్‌ను కూడా ఇచ్చేసి తన దారిన సాగాలి. అదే కాల్‌బ్యాక్. దానికి మొదట అందేది ఎర్రర్, తర్వాతే ఫలితం. చెడు కబురు లేదని తేల్చుకున్నాకే మంచి కబురు ముట్టుకోవాలి.

ఒకే ప్రోగ్రామ్‌లో ఉన్నంతవరకూ ఇబ్బంది తక్కువ. అది ఆర్డర్లు, చెల్లింపులు, నిల్వలు అంటూ మైక్రోసర్వీసులుగా విడిపోయాక మధ్యలో నెట్‌వర్క్ వచ్చి చేరుతుంది. అప్పుడు జవాబుల విషయంలో వచ్చే చిక్కులు ప్రధానంగా నాలుగు: రాకపోవడం, రెండుసార్లు రావడం, వేరొకరికి చేరడం, ఆలస్యం కావడం. ఏది జరిగిందో తేల్చుకున్నాకే కోడ్ తెరవడం మంచిది.

జవాబే రాలేదంటే, ఎర్రర్ వచ్చిన దారిలో కాల్‌బ్యాక్‌ను పిలవడం మరిచారేమో చూడాలి. పిలిచేవైపు గడువు ఉందో లేదో కూడా చూడాలి. అభ్యర్థనలు పంపే యాక్సియోస్ లైబ్రరీలో గడువు డిఫాల్ట్‌గా సున్నా. అంటే మనం పెట్టకపోతే గడువే లేదు. రెండుసార్లు వచ్చిందంటే, ఎర్రర్ పంపిన వరుసలో ‘రిటర్న్’ రాయక కోడ్ కిందికి జారి ఉండొచ్చు. హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయని నోడ్ మొత్తుకునేది అందుకే.

రాబిట్‌ఎంక్యూ వంటి క్యూల్లో చాలా అభ్యర్థనల జవాబులు ఒకే చోటికి వస్తాయి, అందుకే ఒకరిది వేరొకరికి చేరొచ్చు. గుడి బయట చెప్పుల స్టాండులో టోకెన్ లాగా ప్రతి అభ్యర్థనకూ ఒక కోరిలేషన్ ఐడీ కట్టి, దానిపేరనే కాల్‌బ్యాక్‌ను దాచాలి. గడువు తీరగానే తీసేయాలి. లేకపోతే మెమరీ నిండుతూ పోతుంది. అయితే గడువు దాటినంత మాత్రాన అవతల పని జరగలేదని కాదు. చెల్లింపును మళ్లీ పంపేటప్పుడు పాత గుర్తుతోనే పంపాలి, అవతలివైపు ఆ గుర్తును సరిచూడాలి. అప్పుడే డబ్బు రెండుసార్లు కోత పడదు.

ఎప్పుడో ఒకసారి మాత్రమే 502 ఎర్రర్ వస్తుంటే కోడ్‌లో ఎంత వెతికినా దొరకకపోవచ్చు. నోడ్ చాలా వెర్షన్లలో ఖాళీ కనెక్షన్‌ను 5 సెకన్లకే మూసేస్తుంది. అమెజాన్ లోడ్ బ్యాలన్సర్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఉంచుతుంది. మూసుకుంటున్న కనెక్షన్‌లోకే అభ్యర్థన వెళ్లి పడుతుంది. నోడ్ వైపు గడువును బ్యాలన్సర్ గడువు కన్నా పెంచడమే మందు.

2015లో ప్రామిస్‌లు, 2017లో ఎసింక్-అవెయిట్ జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరి కాల్‌బ్యాక్‌లను తెర వెనక్కి నెట్టాయి. నియమం మాత్రం పోలేదు. ఎవరూ పట్టించుకోని ప్రామిస్ వైఫల్యానికి 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి ప్రాసెసే ఆగిపోతుంది. అవెయిట్ సుఖం ఏమిటంటే, దూరాన ఉన్న సర్వీసు పక్క వరుసలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ప్రమాదమూ అదే. అందుకే అవెయిట్ రాసిన ప్రతిచోటా పాత ప్రశ్నలే వేసుకోవాలి: గడువెంత? గుర్తేది? మళ్లీ పిలిస్తే ఏమవుతుంది? సమాధానం దొరకని ప్రశ్న దగ్గరే వెతుకులాట మొదలుపెట్టాలి.