హెడ్‌సెట్‌లో కంటికి వచ్చే చిక్కు

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌లో తెర కంటికి కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంత దగ్గరి తెర చూపు పోగొడుతుందని చాలామంది భయం. నిజానికి మధ్యనున్న కటకాల వల్ల బొమ్మ మీటరున్నర, రెండు మీటర్ల అవతల ఉన్నట్టు కంటికి అందుతుంది. చిక్కంతా ఆ దూరం ఎప్పటికీ మారకపోవడంతోనే వస్తుంది.

చూపుడువేలిని మెల్లగా ముక్కు దగ్గరికి తెస్తే కనుగుడ్లు రెండూ లోపలికి తిరుగుతాయి. అదే క్షణంలో కంటిలోని కటకం ఉబ్బి వేలి గీతలను స్పష్టంగా చూపిస్తుంది. పసితనం నుంచే ఈ రెండు పనులూ జోడెడ్లలా కలిసి నడుస్తాయి. హెడ్‌సెట్‌లో ఒక సీతాకోకచిలుక ముక్కు మీదికి ఎగిరొస్తే కనుగుడ్లు లోపలికి తిరుగుతాయి గానీ, కటకం మాత్రం ఆ రెండు మీటర్ల దగ్గరే ఆగాలి. లేకుంటే బొమ్మ అలికినట్టవుతుంది. ఒక ఎద్దు ముందుకు లాగుతుంటే రెండోది మొరాయించినట్టే. ఈ పొంతన కుదరకపోవడం వల్ల కళ్లు అలసిపోతాయని అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ బ్యాంక్స్ బృందం 2008లో ప్రయోగాలతో చూపింది.

కొలత కుదరకపోయినా ఇబ్బందే. పెద్దవాళ్ల కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2లో 58, 63, 68 అనే మూడు అమరికలే ఉండేవి. పిల్లల కళ్ల మధ్య ఎడం ఇంకా తక్కువ. అమరిక తప్పితే తలనొప్పి వస్తుంది, ఒక్కోసారి బొమ్మ రెండుగా కనిపిస్తుంది. దానికితోడు తెరలో లీనమైనవారు రెప్ప వేయడం తగ్గించేస్తారు, కళ్లు పొడిబారతాయి.

శాశ్వత నష్టం జరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. అయినా ఎదిగే కళ్ల విషయంలో జాగ్రత్త అవసరమే. 2023లో మెటా కంపెనీ తన హెడ్‌సెట్‌లు వాడేందుకు కనీస వయసును 13 నుంచి 10 ఏళ్లకు దించింది. పిల్లల చూపు దృష్ట్యా అది తొందరపాటు.

ఇదే పరికరం వైద్యానికీ పనికొస్తోంది. ఒక కంటి చూపు మందగించిన 4 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం లుమినోపియా అనే హెడ్‌సెట్ చికిత్సకు 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అందులో బలమైన కంటికి బొమ్మను మసకబార్చి, బలహీనమైన కంటికి పని పెంచుతారు.

హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు పిల్లలకు లోతు తెలియడం లేదంటే రెండు కళ్లూ కలిసి పనిచేయడం లేదేమో. ఆ మాట పిల్లల నోట వింటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.