బరువు పడ్డాకే పలికే చక్రం

స్కేట్‌బోర్డు చక్రాన్ని వేలితో గిర్రున తిప్పి, ఎంతసేపటికి ఆగుతుందో చూసి బేరింగు గొప్పదనం తేల్చేస్తారు చాలామంది. ఆ పరీక్ష నాకు రుచించదు. పల్చటి నూనె రెండు చుక్కలు వేస్తే నాసిరకం బేరింగు కూడా చేతిలో చాలాసేపు తిరుగుతుంది. చిక్కటి గ్రీజు పట్టించిన మేలురకం నాలుగు చుట్లకే ఆగిపోవచ్చు. బోర్డెక్కిన మనిషి కాలితో నేలను ఒక్క తోపు తోశాక గానీ దాని అసలు అందం బయటపడదు.

చూస్తే చిన్న వస్తువు. 608 అన్నది దాని సైజు పేరు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. రెండు ఉక్కు వలయాలు, వాటి మధ్య గాడిలో మామూలుగా ఏడు బాల్స్. చక్రానికి రెండు బేరింగుల చొప్పున బోర్డు మొత్తానికి 56 బాల్స్. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో 52 మిల్లీమీటర్ల చక్రం సెకనుకు ముప్పైసార్లు తిరుగుతుంది. అంతసేపూ మనిషి బరువంతా ఆ బాల్స్ గాడిని తాకే సూదిమొనంత చోట్ల మీదే ఆనుతుంది. అక్కడ కూడా ఉక్కు ఉక్కును ఒరుసుకోకుండా కంటికి ఆనని నూనె పొర ఒకటి అడ్డం నిలుస్తుంది. ఎంత సున్నితం, ఎంత సత్తువ!

నన్ను అన్నిటికంటే ముగ్ధుణ్ణి చేసేది బాల్స్‌ను పట్టి ఉంచే చట్రం, కేజ్. పక్కపక్కనున్న బాల్స్ ఒకే దిక్కుగా దొర్లుతాయి కాబట్టి, ఒకదానికొకటి తగిలితే ఆ తగిలిన చోట ఒకటి పైకీ ఇంకొకటి కిందికీ ఎదురెదురుగా రాసుకుంటాయి. ఆ రాపిడి రాకుండా వాటిని ఎడంగా ఉంచడమే కేజ్ పని. ఈ చిక్కు లియొనార్డో డావిన్చీకి ఎప్పుడో తెలుసు. 1490ల నాటి ఆయన రాతప్రతి ఒకటి మాడ్రిడ్‌లో ఉంది. అందులో బాల్స్ తగులుకోకుండా విడదీసే అమరికను గీశాడు. కేజ్ బరువు మోయదు, దొర్లదు. అదే లేకపోతే ఈ నడకకు నునుపే రాదు.

కాలిఫోర్నియాలో స్కేట్‌బోర్డెక్కే కుర్రాళ్ళకు ఈ సుఖం ఆలస్యంగా దక్కింది. 1970ల తొలినాళ్ళలో ఫ్రాంక్ నాస్‌వర్తీ యురెథేన్ చక్రాలు తెచ్చినప్పటికీ లోపల ఇంకా విడి బాల్సే. కాస్త వదులైతే రోడ్డు మీద చెల్లాచెదురయ్యేవి. 1975 ప్రాంతంలో రోడ్ రైడర్ చక్రాలతో మూత వేసిన ప్రెసిషన్ బేరింగు వచ్చింది. యురెథేన్ పట్టుకు బేరింగు పరుగు జతకూడింది. ఆ వెంటనే వచ్చిన కరువులో నీళ్ళు లేని ఈతకొలనులే వాళ్ళకు మైదానాలయ్యాయి.

కొత్త బేరింగు మొదట్లో మందకొడిగా ఉంటుంది. గాడి నిండా గ్రీజు. నడిపేకొద్దీ బాల్స్ తమ దారిలోని గ్రీజును పక్కలకు నెట్టుకుంటూ, కావలసినంతే మిగుల్చుకుంటాయి. ఈ దశలో తొందరపడి గ్రీజంతా కడిగేసి నూనె పోసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. మెల్లగా వదిలే ఆ బిగువును వినాలి. మొదట బొంగురుగా ఉన్న చప్పుడు రోజురోజుకూ సన్నబడి, చివరికి నేల గరుకు తప్ప ఇంకేదీ వినిపించదు.

నట్టు బిగింపు ఇంకో కళ. రెండు బేరింగుల నడుమ స్పేసర్ వేసి, నట్టును గట్టిగా బిగించి, చక్రం యాక్సిల్ మీద పక్కకు పిసరంత కదిలేదాకా మళ్ళీ వదలాలి. తంబురా తీగ కింద జీవాళి దారాన్ని అటూ ఇటూ జరిపి నాదం పలికించేవాళ్ళ చెయ్యే ఇక్కడ కావాలి. బేరింగుల డబ్బా మీద ఉండే ఏబెక్ గ్రేడు అంకె ఇక్కడ అక్కరకు రాదు. 1, 3, 5, 7, 9 అంటూ అది కొలతల్లో కచ్చితత్వాన్నే చెబుతుంది. మెట్ల మీంచి దూకినప్పుడు పడే దెబ్బకు ఉక్కు ఏమవుతుందో ఆ అంకెలో లేదు.

శుభ్రం చేసే రోజు నాకు పండగే. రబ్బరు షీల్డు లోపలి అంచు కింద గుండుసూది దూర్చి కాస్త ఎత్తితే అది వంగకుండా ఊడి వస్తుంది. లోపల నూనె, దుమ్ము కలిసి నల్లటి ముద్ద. బేరింగును సీసాలో వేసి, ఐసోప్రోపైల్ ఆల్కహాల్ పోసి ఊపితే ద్రవం బూడిదరంగుకు తిరుగుతుంది, బాల్స్ తేటగా మెరుస్తాయి. పూర్తిగా ఆరాక, ఆలస్యం చెయ్యకుండా ఒకటి రెండు చుక్కల నూనె వెయ్యాలి. వట్టి ఉక్కుకు తేమ తగిలితే తుప్పు పడుతుంది, నూనె ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. చుక్క గాడిలోకి దిగి, ఒక బాల్ నుంచి ఇంకో బాల్‌కు పాకుతూ పోవడం కళ్ళారా చూడవచ్చు.

గాడిలో గుంట పడ్డదాన్ని మాత్రం ఎంత కడిగినా ఫలితం లేదు. నెమ్మదిగా తిప్పితే వేలికి గరగర తెలుస్తుంది. దాన్ని తీసేసి కొత్తది వేస్తే, కొన్నాళ్ళపాటు ఆ ఒక్క చక్రం చప్పుడు విడిగా వినిపిస్తుంది. అది మిగతావాటితో కలిసేదాకా చెవి దాని మీదే ఉంచి నడపడం నాకెంతో ఇష్టం.