రేడియో వద్దన్న పెట్టె

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో చిరుతల రామాయణం ఆడాలని నలుగురు అనుకుంటే ముందు వెతికేది రాముడి వేషానికి తగినవాణ్ని కాదు, హార్మోనియం తెలిసిన గురువుని. పగలు పొలంలోనో మరమగ్గం దగ్గరో పనిచేసి వచ్చినవాళ్లను ఆయన రాత్రిపూట కూడగట్టి దరువులు, అడుగులు నేర్పుతారు. ఆట రోజున గజ్జెలు కట్టినవాళ్లు చిరుతలు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతుంటే పాట ఎత్తిచ్చేదీ, మరిచినవాడికి మాట అందించేదీ, వేషం ఆలస్యమైతే ఆ ఖాళీ నింపేదీ ఆయనే. పెద్ద నగరాల్లో పియానో కళాకారుడికి పాఠం ఒకచోట, కచేరీ ఒకచోట, రేడియో ఇంకోచోట. మన గురువుకు మొదటి రెండూ ఒకే వాకిట్లో జరిగిపోతాయి. మూడోదాని తలుపు మాత్రం ఆయన పెట్టెకు ముప్పై ఏళ్లకు పైగా మూసుకుపోయింది.

1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన ప్రసారాల్లోంచి తీసేసింది. అప్పటి అధిపతి లయొనెల్ ఫీల్డెన్. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసిన ఇంగ్లీషు స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ అంతకుముందే ఈ వాద్యం మీద ధ్వజమెత్తారు. నిషేధం వచ్చేనాటికి ఆయన లేరు, 1939లోనే కలకత్తాలో కలరాతో పోయారు. రవీంద్రనాథ్ ఠాగూరుకూ ఈ పెట్టె పొడ గిట్టేది కాదు. యూరప్‌లో పుట్టిన వాద్యం మన సంగీతాన్ని చెడగొడుతోందని గట్టిగా వాదించినవాడు ఓ ఇంగ్లీషాయన కావడం ఈ కథలో నాకు భలే నచ్చే మలుపు.

వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. హార్మోనియంలో పలికేది ఇత్తడి రీడు, ఒక్కో రీడుకు ఒక్కటే స్వరం. తోడిలో గాంధారం ఊగాలి, మెట్టు ఊగదు. వీణ మీద తీగ లాగితేనో వయొలిన్ మీద వేలు జారితేనో పుట్టే గమకం ఇక్కడ పుట్టదు. చెయ్యి తిరిగినవాడు పక్క మెట్టును తాకీ తాకనట్టు తాకి గమకం ఉన్నట్టు భ్రమ కలిగించగలడు, అంతే. పైగా స్థాయిని 12 సమాన భాగాలు చేసి రీడ్లు సరిచేస్తారు కాబట్టి అంతర గాంధారం అసలు చోటుకన్నా దాదాపు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఏడోవంతు, ఎక్కువ పలుకుతుంది. పక్కన తంబురా మోగుతుంటే మంచి చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది.

ఇంత చేసినా రేడియో ఈ పెట్టెను పూర్తిగా బయటికి పంపలేకపోయింది. ఏ గాయకుణ్నయినా మీ శ్రుతి ఎంత అని అడిగి చూడండి. ఒకటి అంటారు, ఒకటిన్నర అంటారు, ఐదున్నర అంటారు. ఆ లెక్క హార్మోనియం మెట్లదే. తెల్లవి ఒకటి నుంచి ఏడు, నడుమ నల్లవి అరలు. మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు, మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు గనుక. వేములవాడ రాజన్న గుడిలో త్యాగరాజ ఆరాధనోత్సవాలకు వచ్చే విద్వాంసులదీ ఇదే లెక్క, ఆ చుట్టుపక్కల ఊళ్లలో చిరుతలు పట్టే రైతుదీ ఇదే లెక్క.

గురువు పనితనమంతా ఈ లెక్కలోనే ఉంది. ఒకటి శ్రుతిలో శంకరాభరణం ఏడు తెల్ల మెట్ల మీద నడిచిపోతుంది, పిల్లవాడైనా వాయించేస్తాడు. అదే రాగం ఒకటిన్నరకు మారిందా, ఐదు నల్లవి, రెండు తెల్లవి. వేళ్లు ఎక్కడ వంచాలో, బొటనవేలు ఎక్కడ దాటించాలో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మోహన సంగతి ఇంకా వింత. నాలుగున్నరలో పెడితే ఐదు స్వరాలూ ఐదు నల్ల మెట్ల మీదే పడతాయి, ఒక్క తెల్ల మెట్టు ముట్టుకోనక్కర్లేదు. తెల్లవారుజాము వేళకు పాడేవాడి గొంతు బొంగురుపోతుంది. అప్పుడు ఆటకు అడ్డం రాకుండా షడ్జాన్ని అర మెట్టో ఒక మెట్టో కిందికి దించి, అదే దరువును అదే వేగంలో కొత్త మెట్ల మీద వాయించాలి. మెట్ల వరుసనే జరిపే పెట్టెలు వచ్చాక ఈ కష్టం తప్పింది గానీ వాటి ధర ఎక్కువ. పాత గురువులు వేళ్లతోనే నెట్టుకొచ్చారు.

ఎడమ చేతి పని ఎవరి కంటా పడదు. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ 1842లో పేటెంటు పొందిన అసలు హార్మోనియానికి గాలి కాళ్లతో తొక్కేవారు, రెండు చేతులూ మెట్ల మీదే. 19వ శతాబ్దం చివర్లో కలకత్తా ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఊదేలా మార్చారు. దాంతో ఒక చెయ్యి గాలికి పోయింది, వాయించడానికి ఒక్కటే మిగిలింది. నాలుగు స్వరాలు ఒకేసారి కలిపే పాశ్చాత్య పద్ధతి అలా పక్కకు తప్పుకుంది, ఒకే వరుసలో సాగే మన పాటకు పెట్టె సరిపోయింది. తిత్తిని ఎగేసి కొట్టేవాడు కొత్తవాడు. లోపలి గాలి ఖాళీ కాకముందే మెల్లగా మళ్లీ నింపుతూ, పద్యం ఎత్తుకున్నచోట కొంచెం ఒత్తు పెంచి, మాట తెలియాల్సిన చోట తగ్గించేవాడే గురువు.

నా మటుకు నాకు ఈ పెట్టె విలువ రాగం పలికించడంలో లేదు, గొంతుల్ని కలపడంలో ఉంది. సంగీతం చెప్పుకోని ఇరవై ముప్పై మంది, గజ్జెల చప్పుడులో, చిరుతల మోతలో, తిరుగుతూ ఎగురుతూ పాడాలి. తంబురా నాదం అక్కడ ఎవరికి వినిపిస్తుంది? వీణ ఎవరు మోస్తారు? ఎడ్లబండిలోనో బస్సు మీదనో వచ్చి, రాత్రంతా శ్రుతి జారకుండా నిలిచే వాద్యం ఇదొక్కటే. ఇలాంటి గుంపుల సంగీతం రేడియో నిపుణుల లెక్కలోకి వచ్చినట్టు లేదు. వాళ్లు కచేరీ కోసం తీర్పు చెప్పి, భజన మండపానికీ అదే శిక్ష వేశారు. 1971లో నిషేధాన్ని సడలించి పక్కవాద్యంగా రానిచ్చారు. సోలోకు మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఈలోగా పల్లెల్లో గురువులు వృద్ధులయ్యారు, నేర్చుకోవాల్సిన కుర్రాళ్లలో చాలామంది గల్ఫ్‌కు వెళ్లారు. ఇప్పుడు రేడియో కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఫోను చాలు. మీ ఊళ్లో అలాంటి గురువు ఉంటే ఆట రోజు గోలలో కాదు, ఓ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చోబెట్టి, దరువులు ఒక్కొక్కటే వాయించమని అడిగి రికార్డు చేయండి. ఫోను ముఖం మీద కాకుండా మెట్ల మీదా తిత్తి మీదా పెట్టండి, రెండు చేతులూ కనబడాలి. ఒక్కో దరువుకు ముందు అది ఏ శ్రుతిలో వాయిస్తున్నారో ఆయన నోటితోనే చెప్పించండి.