రెండంకెల వాంగ్మూలం

1980ల చివర్లో అమెరికా రోడ్ల మీదికి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 పికప్ బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు ఫెండర్ దగ్గర కాస్త వెతికితే ఆరు గదుల ప్లాస్టిక్ కనెక్టరు ఒకటి, పక్కనే విడిగా వేలాడే ఒంటి వైరు ఒకటి కనిపిస్తాయి. ఇంజన్‌ని నడిపే కంప్యూటరు తన బాధ చెప్పుకునే చోటు అదే. దాని మాట వినడానికి స్కానర్ అక్కర్లేదు. జానెడు వైరు ముక్క, ముల్లు కదిలే పాత వోల్ట్‌మీటరో టెస్ట్ ల్యాంపో ఒకటి, రాసుకోవడానికి కాగితం ఉంటే చాలు. చెక్ ఇంజన్ లైటు ఉన్న బండి అయితే ఆ లైటే మిణుకుమంటూ అంకెలు చెబుతుంది.

ఆ కంప్యూటరు పేరు ఈఈసీ-4. 1983 మోడళ్లతో మొదలై తొంభైల మధ్య దాకా నడిచింది. లోపల ఇంటెల్ 8061 చిప్పు. 1996 నుంచి అమెరికాలో అన్ని కార్లకూ చిన్న ట్రక్కులకూ ఓబీడీ-2 తప్పనిసరి కావడంతో పదహారు పిన్నుల సాకెట్టు, అందరికీ ఒకే కోడ్లు వచ్చాయి. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిదే. వాటిలో ఫోర్డ్ పద్ధతిని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. జనరల్ మోటార్స్ ట్రక్కులో రెండు టెర్మినళ్లు కలిపితే దాచిన కోడ్లు బయటికి వస్తాయి, అంతే. ఫోర్డ్ కంప్యూటరు మాత్రం అడిగిన ప్రతిసారీ బండిని కొత్తగా పరీక్షించి మరీ జవాబు చెబుతుంది.

ముందు ఇంజన్ని బాగా వేడెక్కనిచ్చి ఆపాలి. ఒంటి వైరునీ కనెక్టరులోని సిగ్నల్ రిటర్న్ గదినీ వైరు ముక్కతో కలిపి, స్టార్ట్ చేయకుండా తాళం తిప్పాలి. రిలేలు టకటకా కొట్టుకుంటాయి. కంప్యూటరు తన మెమరీని సరిచూసుకుని, సెన్సర్ల వోల్టేజీలు చదివి, సోలెనాయిడ్ల సర్క్యూట్లు తడిమి చూస్తోందన్నమాట. తర్వాత ముల్లు ఒకసారి సన్నగా వణుకుతుంది. అది ఫ్యాక్టరీ యంత్రాల కోసం వందరెట్లు వేగంగా పంపిన జవాబు. ఆ వెంటనే అదే జవాబు మనిషి కంటికి అందేలా నిదానంగా మొదలవుతుంది: అరసెకను వెలుగు, అరసెకను చీకటి, అంకెకీ అంకెకీ మధ్య రెండు సెకన్లు, కోడ్‌కీ కోడ్‌కీ మధ్య నాలుగు. ప్రతి కోడూ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి లెక్క తప్పినవాడు రెండోసారి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడున్న తప్పులన్నీ చెప్పేశాక ఆరు సెకన్ల విరామం, ఒంటరి మెరుపు, మళ్లీ విరామం. ఆ మెరుపు వర్తమానానికీ గతానికీ మధ్య గీసిన గీత. దాని తర్వాత వచ్చేవి బండి నడుస్తున్నప్పుడు ఎప్పుడో కనిపించి మాయమైన తప్పులు. గీతకు ముందొచ్చిన 51కీ, తర్వాతొచ్చిన 51కీ వైద్యం వేరు. మొదటిది ఈ క్షణాన తెగి ఉన్న సర్క్యూట్. రెండోది దారిలో గతుకు తగిలినప్పుడు వదులైన కనెక్టరు కావచ్చు. ఈ తేడా పట్టించుకోకుండా కోడ్ల జాబితా ఒక్కటే రాసుకున్నవాడు సగం సమాచారం పారేసుకున్నట్టే.

అంకెల కూర్పులోనూ శ్రద్ధ ఉంది. 21, 51, 61 మూడూ కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌వి. 23, 53, 63 థ్రాటిల్‌వి. 24, 54, 64 ఇంజన్ పీల్చే గాలి ఉష్ణోగ్రతవి. ఒకట్ల స్థానం ప్రకృతి అయితే పదుల స్థానం ప్రత్యయం: 2 అంటే విలువ పరీక్ష హద్దుల్లో లేదని, 5 అంటే వోల్టేజీ మరీ ఎక్కువని, 6 అంటే మరీ తక్కువని. అన్ని కోడ్లూ ఈ సూత్రానికి లొంగవు. 52 పవర్ స్టీరింగ్ స్విచ్‌ది. అయినా ముఖ్యమైన సెన్సర్ల దగ్గర పుస్తకం తెరవకుండానే మెకానిక్‌కి దారి దొరుకుతుంది. కూలెంట్ సెన్సర్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. వైరు తెగితే వోల్టేజీ అయిదు దాకా ఎగబాకుతుంది. మండుటెండలో అరిజోనాలో నిలబడ్డ బండి కూడా మైనస్ 40 డిగ్రీల చలిలో ఉన్నానని నమ్ముతుంది, పెట్రోలు ఎక్కువ పోస్తుంది. 51 చెప్పేది సరిగ్గా ఆ సంగతే. వణికించే చలిలో పరీక్ష చేస్తే 24 వచ్చిందా, సెన్సర్‌ని అనుమానించే ముందు థర్మామీటరు చూడాలి. గాలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తక్కువైతే బాగున్న సెన్సర్ కూడా ఆ పరీక్షలో తప్పుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెండో పరీక్ష, ఇంజన్ నడుస్తుండగా జరిగేది. మొదట కంప్యూటరు ఇంజన్‌ని గుర్తుపట్టి చెబుతుంది: ఆరు సిలిండర్లయితే మూడు మెరుపులు, ఎనిమిదైతే నాలుగు. తర్వాత డ్రైవరుకి పని పడుతుంది. స్టీరింగ్ కొంచెం తిప్పాలి, బ్రేక్ ఒకసారి తొక్కి వదలాలి. ఆ స్విచ్‌లు పలుకుతున్నాయో లేదో అది చూసుకుంటుంది. ఇంకో మెరుపు వస్తే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి అడుగంటా తొక్కి వదిలేయాలి. ఆ క్షణంలో థ్రాటిల్, మానిఫోల్డ్ ప్రెజర్, నాక్ సెన్సర్ కదిలాయా అని గమనిస్తుంది. తొక్కకపోతే 77 ఇస్తుంది: బండిలో తప్పేం లేదు, అడిగిన పని మీరు చేయలేదు. మనిషి పొరపాటుకి కూడా ఒక కోడ్ కేటాయించి, దాన్ని యంత్రం లోపాలతో కలవకుండా చూసిన ఆ ఇంజనీర్ల నిజాయితీకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇదే పరీక్షలో మరో తెలివి ఉంది. ఎగ్జాస్ట్‌లోకి గాలి ఊదే పంపు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి దానికి వేరే సెన్సర్ పెట్టలేదు. కంప్యూటరు తానే గాలిని ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు వైపు మళ్లించి, ఆ సెన్సర్ ఆక్సిజన్ పెరిగిందంటోందా అని చూస్తుంది. అనకపోతే 44. ఉన్న ఒక్క సాక్షి చేత రెండు విషయాలు చెప్పించడం ఇది.

సాక్షి చెప్పింది తీర్పు కాదు. 41 అంటే మిశ్రమం పలచగా ఉన్నట్టు ఆక్సిజన్ సెన్సర్ చెబుతోందని మాత్రమే అర్థం. పగిలిన వాక్యూమ్ గొట్టం, నీరసించిన ఫ్యూయల్ పంపు, ఎగ్జాస్ట్‌లో చీలిక, వీటిలో ఏదైనా అదే మాట అనిపించగలదు. కోడ్ చూడగానే కొత్త సెన్సర్ కొని బిగించే మెకానిక్కులు అక్కడా ఇక్కడా ఉన్నారు. డబ్బు పోతుంది, కోడ్ మళ్లీ వస్తుంది. మంచి పనివాడు మొదట వాక్యూమ్ గొట్టాలు చూస్తాడు, ఇంధనం ప్రెజర్ కొలుస్తాడు, ఆ తర్వాతే సెన్సర్ జోలికి పోతాడు.

వచ్చిపోయే తప్పుల కోసం ఇంకో ఏర్పాటు కూడా చేశారు. తాళం తిప్పి ఉంచి, కంప్యూటర్ని గమనించే స్థితిలో పెట్టి, అనుమానమున్న వైరింగ్‌ని చేత్తో కదుపుతూ పోవాలి. సంబంధం తెగిన చోట ముల్లు గెంతుతుంది. దశాబ్దాల ఎండకీ ఇంజన్ వేడికీ పెళుసెక్కిన వైర్లలో లోపం ఎక్కడుందో వేలితో చూపించే పద్ధతి ఇది.

మరమ్మతు అయ్యాక పాత కోడ్లు చెరపాలంటే అవి వస్తుండగానే వైరు ముక్క లాగేయాలి. బ్యాటరీ వైరు తీసినా చెరిగిపోతాయి గానీ, ఆ ఇంజన్‌కి తగ్గట్టు కంప్యూటరు నేర్చుకున్న సర్దుబాట్లు కూడా వాటితోపాటే పోతాయి. ఏమీ చెరపకుండా వదిలేసినా సరే: చాలా బండ్లలో నలభైసార్లు ఇంజన్ వేడెక్కేలోగా ఆ తప్పు మళ్లీ కనిపించకపోతే కంప్యూటరే కొట్టేస్తుంది. మళ్లీ పరీక్ష పెడితే గీతకు ఇటూ అటూ రావలసింది 11, అంటే అంతా బాగుంది. తొంభైల మొదట్లో కోడ్లు మూడంకెలకు మారాక దాన్నే 111 చేశారు.