పాచిక పారడమంటే

తెలుగులో ‘పాచిక’ అనే మాట జూదంలో దొర్లించే అక్షానికీ, ఎదుటివారిపై పన్నే ఉపాయానికీ ఒకటే కావడం, ‘పాచిక పారింది’ అంటే ఎత్తుగడ ఫలించిందని అర్థం కావడం, అదృష్టాన్నీ ఆలోచననూ ఈ భాష ఏనాడూ పూర్తిగా విడదీయలేదని తెలుపుతుంది. మాయామంత్రాల కథను నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా నడిపించే ఆధునిక ఆటలను అంచనా కట్టడానికి ఈ మాట చక్కని కొలమానం.

అదృష్టమూ ఆలోచనా ఇలా కలిసే తీరుకు తమిళనాడులో ఆడే ‘దాయం’ ఆట దగ్గరి ఉదాహరణ. దీనికి నాలుగు పలకల పొడవాటి ఇత్తడి పాచికలు రెండు వాడతారు. ఒక్కొక్కదానికి మూడు పలకల మీద వరుసగా ఒకటి, రెండు, మూడు గుర్తులుండి నాలుగోది ఖాళీగా ఉంటుంది, రెండూ ఖాళీగా పడితే దాన్ని 12గా లెక్కిస్తారు. పడగల 16 తీరుల్లో మూడు అనే మొత్తం నాలుగుసార్లు వస్తే, ఆరు, పన్నెండు ఒక్కొక్కసారే వస్తాయి. కాయను ఆటలోకి దించే ఒకటి, అంటే అసలు ‘దాయం’, రెండు తీరుల్లోనే, అంటే ఎనిమిదింట ఒక వంతు అవకాశంతోనే పడుతుంది. అయితే 1, 5, 6, 12 పడినవారు మళ్లీ వేస్తారు కనుక చేతికి పలు పందేలు కూడుతాయి, వాటిని ఏ కాయకు ఎంత నడపాలో పంచుకునే నేర్పు మాత్రం ఆడేవారిదే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ పంపకాన్ని గడుల నుంచి కథలోకి తెచ్చింది. ఆ ఆట 2014 నాటి ఐదో కూర్పులోని ‘ఫైర్‌బాల్’ అనే అగ్నిగోళ మంత్రం ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయిస్తుంది కనుక దెబ్బ 8 నుంచి 48 దాకా ఎంతైనా కావచ్చు, సగటున 28 అవుతుంది. దారిని అల్లుకునే సాలెగూడు మంత్రాన్ని ముందుగా వేసి శత్రువులను చిక్కించుకున్నాక అదే గోళాన్ని విసిరితే, ఆ గూడు మండుతుందని ఆ కూర్పు నియమాలే చెబుతున్నాయి. నేలను జారుడు చేసే ‘గ్రీజ్’ మంత్రం అంటుకుంటుందా అన్న ప్రశ్నకు మాత్రం అదే కూర్పు మౌనం వహిస్తుంది కాబట్టి, ఆట నడిపే ‘డంజన్ మాస్టర్’ తీర్పు చెప్పవలసి వస్తుంది. ఇతిహాసాల్లో ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం విరుగుడని ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ ఆటలో ఒక మంత్రానికి మరొకటి ఏమవుతుందో ఆడేవారు అప్పటికప్పుడు కనిపెడతారు.

అదే కూర్పులోని ‘వైల్డ్ మ్యాజిక్’, అంటే అదుపు తప్పిన మాయ, దీనికి భిన్నమైనది: మంత్రం వేశాక ఇరవై ముఖాల పాచికపై ఒకటి పడితే, ఒక పట్టిక ఊహకందని ఫలితాన్నిస్తుంది. ఇది నవ్వు పుట్టించినా, వైకుంఠపాళిలో పాము మింగినట్టే, ఆటగాడిని చూస్తూ ఉండేవాడిగా మిగులుస్తుంది. ఆ ఫలితాన్ని అందిపుచ్చుకుని తరువాతి ఎత్తులో వాడుకునే చోటే అది కళగా మారుతుంది.

మహాభారతంలోని అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కకట్టి, నలునికి అక్షహృదయం అనే విద్యను ఉపదేశిస్తాడు. జూదంలో రాజ్యం కోల్పోయిన నలుడు ఆ విద్యతోనే దాన్ని తిరిగి గెలుచుకుంటాడు. యాదృచ్ఛికతకు లొంగిపోవడం కాక దానిని లెక్కలోకి తీసుకోవడమే విద్య అని ఆ కథ చెబుతోంది.

అందువల్ల ఆట నడిపేవారు మంత్రం ఎంత గట్టిగా పనిచేసిందో పాచికకు వదిలిపెట్టవచ్చు గాని, కొత్త కలయికను ఊహించినవారికి దక్కవలసిన అవకాశాన్ని దానికి అప్పగించకూడదు. పడే అంకె ఎవరిదీ కాదు, దానితో పన్నే పాచిక ఆటగాడిదే.